ఎల్లిసన్ సరస్సు నుంచి రాని కార్డు

హార్లో, మిన్నెసోటా
జూన్ 5, 1998

చెల్లీ సిగ్రిడ్,

నా చేతిరాత చూసి గుండె పట్టుకోకు. ఎవరూ పోలేదు. పోవాల్సినవాళ్ళంతా ఎప్పుడో పోయారు, మిగిలింది మనిద్దరమే. నేను ఇల్లు దాటి, విస్కాన్సిన్ దాటాను, అంతే సంగతి.

ఏప్రిల్లో ఆవుల్ని అమ్మేశాను. ముప్పై రెండూ ఒక్క పొద్దులో లారీలెక్కి వెళ్ళిపోయాయి. మర్నాడు నాలుగున్నరకి అలవాటుగా లేచి, బూట్లు తొడుక్కుని, కొట్టంలోకి వెళ్ళి ఖాళీ గొలుసుల మధ్య నిలబడ్డాను. నా అరవై నాలుగేళ్ళ జీవితంలో వరసగా రెండు రాత్రులు బయట పడుకున్నది లేదని అప్పుడే తట్టింది. రెండు పూటలా పాలు పిండేవాళ్ళకి ప్రయాణాలేమిటి? నీకీ సంగతి తెలీదులే. నువ్వు తిరిగినదానివి.

ఒక పాత పికప్ బండి కొన్నాను. వెనక రేకుల గది బిగించి ఉంది. అందులో మంచం, గ్యాసు పొయ్యి, మడతబల్ల. నాన్న దారినే వెళ్తున్నాను. విత్తనాల పెట్టెలో ఆయన మడతల మ్యాపు దొరికింది. పన్నెండో నంబరు రోడ్డూ, దాని చుట్టుపక్కల సన్న రోడ్లూ అన్నీ పెన్సిలు గీతలే. గీత మోంటానాలో ఎల్లిసన్ సరస్సు దగ్గర ఆగిపోయింది. ఆ సరస్సు చుట్టూ ఒక సున్నా చుట్టి ఉంది.

నీ కార్డులు కూడా తెచ్చాను. నలభై ఎనిమిది నుంచి యాభై రెండు దాకా ప్రతి ఆగస్టులోనూ నాన్నతో తిరుగుతూ నువ్వు నాకు రాసినవి, మొత్తం ఇరవై ఒకటి. ఊరి వరసలో పెట్టి రబ్బరుబ్యాండు వేశాను. ఒక్క ఎల్లిసన్ సరస్సు నుంచి మాత్రం కార్డు లేదు. ఐదేళ్ళూ వెళ్ళారు కదా, ఒక్కటైనా రాయలేదేం? స్టాంపులు అయిపోయాయా?

హార్లో గురించి నువ్వు రాసింది నిజమే. పార్కులో వాయిద్యాల మండపం ఉంది. పార్కు చూసుకునే ముసలాయన వచ్చి, "ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండమ్మా, ఎవరూ లేవమనరు. బుధవారం సాయంత్రం మాత్రం మావాళ్ళు బ్యాండు వాయిస్తారు. దానికి తట్టుకుంటే దేనికైనా తట్టుకుంటావు," అన్నాడు. తట్టుకున్నాను. ఆయన చెప్పింది అబద్ధం కాదు.

ఇప్పుడు అసలు మాట. మనం ఆఖరిసారి అమ్మని పూడ్చిపెట్టిన రోజు చూసుకున్నాం, తొమ్మిదేళ్ళయింది. జులై మూడో వారానికి ఎల్లిసన్ సరస్సు చేరతాను. నువ్వు అక్కడికి రా. మీ సేలం నుంచి బస్సుంటుంది, చివరి ఊరు రోవన్‌కి నేనొచ్చి ఎక్కించుకుంటాను. ఐదు రాష్ట్రాలు తిరిగిన మనిషికి బండి నడపడం రాకపోవడమేమిటే, లైసెన్సు కూడా లేకపోవడమేమిటే! వింటే జనం నవ్వుతారు. యాభై ఏళ్ళు నేను నీ కార్డులు చదువుకున్నాను. ఒక్కసారి ఆ నీళ్ళ పక్కన నీతో కూర్చోవాలని ఉంది. అది ఎక్కువ అడిగినట్టా?

జవాబు కెల్లర్, సౌత్ డకోటా, జనరల్ డెలివరీ అని రాయి. నేను వెళ్ళి అడిగేదాకా పోస్టాఫీసులో ఉంచుతారు.

ఆవులు లేని అక్క,
ఆర్డిస్


సేలం, ఆరెగాన్
జూన్ 11, 1998

అక్కా,

ఉత్తరం అందింది. ఆవుల్ని అమ్మినందుకు సంతోషం. అవి నిన్ను తినేశాయి.

నా మోకాలు బాగాలేదు, రాలేను. ఒకవేళ బాగున్నా అంత దూరం బస్సులో కూర్చోలేను. నువ్వు కూడా ఆ సన్న రోడ్లలో పడకు. గోతులు, కంకర, మధ్యమధ్య అడ్డొచ్చే జింకలు. ఉత్తరాన పెద్ద రహదారి ఉంది, నేరుగా మోంటానా పోతుంది. దారిలో శుభ్రమైన హోటళ్ళున్నాయి. స్నానాలకి వేడినీళ్ళున్నాయి. ఈ వయసులో పార్కుల్లో పడుకోవడమేమిటి?

నువ్వు ఆ దారినే వెళ్తానంటే ఆపగలనా? ఎప్పుడు విన్నావు గనక. కాని బ్రెన్నర్ వైపు వెళ్ళకు. అక్కడ చూడ్డానికేమీ లేదు. దారి కూడా చుట్టు.

కార్డుల గురించి: స్టాంపులు అయిపోయుంటాయి. గుర్తులేదు.

సిగ్రిడ్


కెల్లర్, సౌత్ డకోటా
జూన్ 19, 1998

చెల్లీ,

నీ ఉత్తరం ఇచ్చిన పోస్టుమాస్టరమ్మ కవరు తిప్పి చూసి, "అబ్బ, ఎంత పల్చగా ఉందో! ఎవరైనా కోపంలో రాశారా?" అంది. మా చెల్లెలు ఎప్పుడూ పొదుపుగానే రాస్తుందన్నాను. తలుపు దాటాక నవ్వొచ్చింది. కార్డు మీద చోటు చాలక పక్కలకి తిప్పి తిప్పి రాసిన పిల్లవి నువ్వు.

కెల్లర్ నుంచి 1948లో నువ్వు రాసింది చూసి రాస్తున్నాను: "ఇక్కడ మూడు రోజులున్నాం. రోజూ జలపాతం కింద స్నానం. నాన్న పాటలు పాడుతున్నాడు. నాకు ఇంటికి రావాలని లేదు."

ఈ కార్డు చదివిన పూట నాకు బాగా గుర్తు. ఆవు డొక్కకి తల ఆనించి, ఒక చేత్తో పిండుతూ చదివాను. ఆ ఆగస్టులో నా వేళ్ళు పగిలి నెత్తురొచ్చేవి. అమ్మ కొవ్వు రాసి గుడ్డ కట్టేది. జలపాతం అన్న మాట దగ్గర ఎంత కోపమొచ్చిందంటే, ఆవు చన్ను గట్టిగా లాగాను. అది తన్నింది, పాలు పోయాయి, నాకు తిట్లు పడ్డాయి. ఆ తిట్లు నీ ఖాతాలోనే వేసుకున్నాను.

నిన్న ఊరంతా తిరిగాను. సిగ్రిడ్, ఇది బల్లపరుపు ఊరు. ఇక్కడ ఒక మెట్టు ఎక్కితే పక్క జిల్లా కనిపిస్తుంది. మంగలి షాపులో అడిగాను.

"జలపాతమా?" అని అతను కత్తెర ఆపేశాడు. కుర్చీలో ఉన్నాయన కూడా తిరిగి చూశాడు. "మా ఊళ్ళో పైనుంచి నీళ్ళు పడేది వాటర్ ట్యాంకు కారినప్పుడేనమ్మా."

"నలభై ఎనిమిదిలో ఉండేదేమో."

"నలభై ఎనిమిదిలో ఉన్నది ఈ పక్కనున్న సారా కొట్టు. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. పార్కు నుంచి పాక్కుంటూ వెళ్ళినా చేరొచ్చు, చాలామంది అలాగే తిరిగొస్తారు కూడా," అన్నాడు కుర్చీలో ఆయన. ఇద్దరూ పగలబడి నవ్వారు.

నేను నవ్వలేదు. జలపాతం లేని చోట మూడు రోజులు ఏం చేశారు? ఒకవేళ ఊరి పేరు తప్పు రాశావా? చెప్పు. తప్పు చేసింది పోస్టు ముద్రే అయితే దాన్నే తిట్టుకుంటాను.

నీ జవాబు అందేదాకా ఇక్కడే ఉండి, తర్వాత బ్రెన్నర్ వెళ్తున్నాను. వద్దన్నావు కాబట్టే వెళ్తున్నాను. దారిలో చిన్న చిన్న ఊళ్ళలో ఆగుతూ వెళ్తాను, తొందరేముంది. ఈ బండి గంటకి నలభై మైళ్ళు దాటితే దగ్గుతుంది.

మోకాలికి కర్పూరం నూనె రాయి. నీళ్ళ పక్కన కూర్చోవడానికి మోకాలితో పనేముంది? రా.

ఆర్డిస్


సేలం, ఆరెగాన్
జూన్ 25, 1998

అక్కా,

పదకొండేళ్ళ పిల్ల రాసిన కార్డు పట్టుకుని ఊరూరా విచారణ చేస్తున్నావా? నీకు వేరే పనేమీ లేదని తెలుస్తూనే ఉంది. పిల్లలు గొప్పలు చెబుతారు. కారిన ట్యాంకునే జలపాతమని రాసుంటాను. దానికి యాభై ఏళ్ళ తర్వాత మంగలి సాక్ష్యం కావాలా?

నీకు పాలు పోయినందుకు నేను బాధ్యురాలినా? సరే, క్షమించు. చాలా? ఆ ఆవు పేరేమిటో చెబితే దానికీ క్షమాపణ రాస్తాను.

నాన్న గాలి మార్పుకోసం తిరిగాడు. మొదటి యుద్ధంలో విషవాయువు పీల్చాడు, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, పడమటి పొడిగాలి మంచిదని డాక్టరు చెప్పాడు. చర్చిలో అందరికీ తెలిసిన సంగతే. నేను తోడు వెళ్ళాను. అంతే. అందులో తవ్వడానికేముంది?

బ్రెన్నర్ వెళ్ళొద్దని మళ్ళీ చెబుతున్నాను. ఈ ఒక్క మాట విను.

సిగ్రిడ్


బ్రెన్నర్, సౌత్ డకోటా
జులై 3, 1998

సిగ్రిడ్,

నీ కార్డు, 1949, బ్రెన్నర్: "అక్కా, మేమిక్కడ పెద్ద రాతి ఇంట్లో దిగాం. కిటికీలకి ఇనప పువ్వులున్నాయి. ఒకామె మాకు రోజూ పాన్‌కేకులు చేసి పెడుతుంది. తొమ్మిది రోజులుగా ఇక్కడే ఉన్నాం, వెళ్ళనివ్వడం లేదు, అంత బాగా చూసుకుంటున్నారు."

ఆ రాతి ఇల్లు చూశాను. ఇంకా ఉంది. ఇప్పుడది ఊరి మ్యూజియం. అంతకుముందు జిల్లా జైలు.

లోపల గాజుపెట్టెలో పాత రిజిస్టరు, ఏదో పేజీ దగ్గర తెరిచి ఉంది. చూసుకునే ఆవిడ పేరు మావిస్, నా ఈడుదే, ఆనాటి షెరీఫు కూతురు. నేనూ ఊరికే, ఏమీ అనుకోకుండా, నలభై తొమ్మిది ఆగస్టు చూపించమన్నాను. తాళం తీసి తిప్పింది. "టోలెఫ్‌సన్, ఆన్టన్. విస్కాన్సిన్. తాగి కొట్టు అద్దం పగలగొట్టాడు. తొమ్మిది రోజులు. కూతురు, పన్నెండేళ్ళు, వంటింట్లో." నాన్న పేరు మీద వేలు పెట్టి నిలబడిపోయాను.

మావిస్ నా మొహం చూసి కుర్చీ జరిపింది. "నువ్వు ఆ పిల్లవా?" అంది.

"కాదు. ఆ పిల్ల అక్కని."

"ఓ," అంది. వెళ్ళి కాఫీ తెచ్చింది. తాగాక చెప్పింది. "ఆ రోజుల్లో షెరీఫు కాపురం జైల్లోనే కదా. ఖైదీలకి వండి పెట్టేది మా అమ్మ. జీతం ఆయనకి, చాకిరీ ఈవిడకి. మీ చెల్లెలు పొద్దున్నే పళ్ళెం పట్టుకెళ్ళి మీ నాన్నకి కటకటాల కిందనుంచి తోసేది. తర్వాత నాతో కూర్చుని బంగాళాదుంపలు చెక్కేది. మాట తక్కువ. ఒకరోజు బల్ల మీద కార్డు రాస్తూ నాకు చూపించింది. పెద్ద రాతి ఇల్లట! నాకు నవ్వాగలేదు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు."

నేను వెళ్ళడానికి లేచాక ఇంకో మాట అంది. "బండి జైలు ముందుకి తెచ్చి పెట్టింది కూడా ఆ పిల్లే. వోట్స్ బస్తా మీద కూర్చుని నడిపింది. మా నాన్న చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. చూస్తే దాన్ని కూడా రాసుకోవాలి కదా."

నువ్వు బండి నడిపావా, సిగ్రిడ్?

రేకు గదిలోకి వచ్చి ఇరవై ఒక్క కార్డులూ మళ్ళీ పరిచాను. ఇందులో ఏది నిజం? ఒక్కటైనా ఉందా? యాభై ఏళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశావు. ఇనప పువ్వులట! నాకు ఎందుకు చెప్పలేదు? నేను నీ అక్కని కానా?

జవాబు రోవన్, మోంటానాకి రాయి. ఈసారి పల్చగా రాయకు.

ఆర్డిస్


సేలం, ఆరెగాన్
జులై 8, 1998

అక్కా,

సరే. బ్రెన్నర్ వెళ్ళొద్దన్నాను. రెండుసార్లు అన్నాను.

నాన్న ఊపిరితిత్తులు మనిద్దరి ఊపిరితిత్తుల కంటే బాగుండేవి. ఆగస్టు వస్తే తాగేవాడు. పదకొండు నెలలు నీళ్ళు, కాఫీ, మజ్జిగ. ఆగస్టు వచ్చేసరికి ఆయనకి ఏదో కమ్మేది. అమ్మకి మొగుడు తాగుతాడని బాధ కంటే, ఊరికి తెలుస్తుందని బాధ ఎక్కువ. చర్చిలో మన బెంచీ ముందు వరసలో ఉంది కదా. అందుకే ఏటా ఆయన్ని బండికెత్తి, గుడారం వేసి, డాక్టరు చెప్పాడని పంపేసేది. జీవితంలో ఆవిడ ఆడిన అబద్ధం అదొక్కటే, అది ఊరంతా నమ్మింది.

మొదటి ఏడు గడప దగ్గర నా కోటు గుండీలు పెడుతూ ఏమందో తెలుసా? "నువ్వు పక్కనుంటే నాన్న తిరిగొస్తాడే. ఒక్కడే వెళ్తే రాడు. అక్కకి చెప్పకు, బెంగపడుతుంది." గుండీలు పెట్టడం అయిపోయింది, నన్ను బండెక్కించింది.

నీకు ఆ ప్రయాణం తీరుబడిగా చిన్న ఊళ్ళు చూసుకుంటూ సాగినట్టు అనిపించిందా? అది ఎలా సాగిందో చెబుతాను. సన్న రోడ్లు ఎందుకంటే, పెద్ద రోడ్డు మీద గస్తీ పోలీసులు ఉంటారు. స్టీరింగు దగ్గర పదకొండేళ్ళ పిల్ల కనిపిస్తే ఆపేస్తారు. నెమ్మదిగా ఎందుకంటే, బ్రేకు తొక్కాలంటే నేను సీటులోంచి కిందికి జారాలి. జారితే రోడ్డు కనపడదు. కాబట్టి ముందే ఊహించి జారాలి. గంటకి ఇరవై మైళ్ళు దాటించేదాన్ని కాదు. ఒక్కో ఊళ్ళో మూడేసి రోజులు ఎందుకంటే, ఆయన లేచేదాకా. పార్కుల్లో ఎందుకంటే, ఆయన్ని చూసి హోటలువాళ్ళు తలుపు వేసేసేవాళ్ళు. గుడారం నేనే వేసేదాన్ని. మేకు కొట్టడానికి నాకు సుత్తి బరువయ్యేది, రాయితో కొట్టేదాన్ని.

కెల్లర్‌లో నాన్న పాటలు పాడింది నిజం. సారా కొట్టు అరుగు మీద, పాక్కుంటూ వచ్చేముందు. ఆయనకి పార్కు పంపు కింద నేను స్నానం చేయించాను. నీ జలపాతం అది.

నా లైసెన్సు గురించి నువ్వు ముప్పై ఏళ్ళుగా జోకులేస్తున్నావు. పదిహేనేళ్ళకే నేను ఎనిమిది వేల మైళ్ళు నడిపేశాను. ఇంటికొచ్చిన ఆఖరి రోజు తాళం అమ్మ చేతిలో పెట్టాను. ఆ తర్వాత స్టీరింగు ముట్టుకోలేదు. ఇప్పటికీ ఎవరి కారులోనైనా ముందు సీట్లో కూర్చుంటే కుడికాలు దానంతటదే జారుతుంది.

నీకు వేళ్ళు పగిలాయి. నిజమే. కాని రాత్రయితే నీ మంచం నీకుంది. వేళ్ళకి కొవ్వు రాసే అమ్మ నీకుంది. తెల్లారితే ఎక్కడ లేస్తావో నీకు తెలుసు. దాని పక్కన ఆవులెంత?

అడిగావు కాబట్టి చెప్పాను. ఇంక అడగకు. సరస్సు దగ్గరికి రాను.

సిగ్రిడ్


ఎల్లిసన్ సరస్సు, రోవన్ పోస్టు, మోంటానా
జులై 15, 1998

చెల్లీ,

నీ ఉత్తరం రోవన్ పోస్టాఫీసు మెట్ల మీద చదివాను. బండి నడపలేక గంటసేపు అక్కడే కూర్చున్నాను. తర్వాత ఇక్కడికొచ్చాను. వచ్చి నాలుగు రోజులైంది. నాలుగు రోజులూ ఈ ఉత్తరం మొదలెట్టి చింపుతున్నాను.

నువ్వు నిజం చెప్పావు కాబట్టి నేనూ చెప్పాలి. చెప్పకపోయినా నడుస్తుంది, అమ్మ లేదు, ఇంకెవరికీ తెలీదు. అందుకే చెప్పాలి.

నాకు తెలుసు, సిగ్రిడ్. నీకంటే ముందే తెలుసు.

అంతకు ముందు ఏడు, నలభై ఏడులో, పశువుల సంతకి నాన్న నన్ను తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు బండి కాలవలోకి దింపి స్టీరింగు మీద పడి నిద్రపోయాడు. చచ్చిపోయాడనుకున్నాను. నాలుగు మైళ్ళు నడిచి ఇంటికొచ్చాను. అమ్మ నా కాళ్ళు కడుగుతూ, "చెల్లికి చెప్పకు, చిన్నది, భయపడుతుంది," అంది. మనిద్దరికీ ఒకే మాట చెప్పింది చూడు.

మరుసటి ఆగస్టులో అమ్మ ముందు అడిగింది నన్ను. "నాన్నతో ఈసారి నువ్వెళ్ళాలి, పెద్దదానివి." నాకు పద్నాలుగేళ్ళు. బండి నడపడం వచ్చు, కాలికి బ్రేకు అందుతుంది. బయలుదేరే రోజు పొద్దున్నే కప్పుడు వెనిగర్ తాగి వాంతులు చేసుకున్నాను. అమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. వాసన ఆవిడకి తెలీలేదనుకోను. అప్పుడు నేనన్నాను, "చెల్లిని పంపించు. దానికి బండెక్కడమంటే సరదా." నా నోటితోనే అన్నాను. తర్వాతి నాలుగేళ్ళూ ఎవరూ నన్ను అడగలేదు, నేనూ వెళ్తాననలేదు.

కిటికీలోంచి చూశాను. జడలు ఊపుకుంటూ ఎక్కావు. నాకు చెయ్యి ఊపావు. నేను ఊపలేదు. పక్క మీదకెళ్ళి దుప్పటి కప్పుకున్నాను.

ఆ తర్వాత వారం రోజులు నేను అన్నం తినలేదు. నువ్వు ఏ కాలవలో పడి ఉంటావో అని. అప్పుడు హార్లో నుంచి మొదటి కార్డొచ్చింది. ఐస్‌క్రీము, బ్యాండు మేళం. ఆ తర్వాత కెల్లర్, జలపాతం. చెప్పలేను, చెల్లీ, ఎంత తేలికపడ్డానో! బాగానే ఉంది, హాయిగా ఉంది, నేను చేసింది తప్పు కాదు అనుకున్నాను. ఇంకాస్త ముందుకెళ్ళి నామీద నేనే జాలిపడటం మొదలెట్టాను. అసూయ చాలా సుఖమైనది. అసూయపడుతున్నంతసేపూ నేను తప్పు చేసినదాన్ని కాదు, అన్యాయమైపోయినదాన్ని. ఆ సుఖం మీద యాభై ఏళ్ళు బతికాను. బ్రెన్నర్ నుంచి నీమీద అంత ఎత్తున ఎగిరింది కూడా అందుకే. నా సుఖాన్ని లాగేశావని.

ఇక్కడ పైన్ చెట్ల కింద ఏడు గుడారపు చోట్లున్నాయి. ఒక ముసలి జంట తప్ప ఎవరూ లేరు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నాన్న సున్నా చుట్టింది ఎందుకో ఇక్కడికొచ్చాక తెలిసింది. బల్ల ముందు రెండు కుర్చీలు వేసి ఉంచాను.

నన్ను క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. రమ్మని మాత్రం అడుగుతున్నాను. నెలాఖరు దాకా ఉంటాను. రోజూ బస్సు వేళకి రోవన్ వెళ్ళి నిలబడతాను. రా, వచ్చి నాలుగు తిట్టు. తిట్టి వెళ్ళిపో.

ఆర్డిస్


సేలం, ఆరెగాన్
జులై 21, 1998

అక్కా,

నేను మెట్ల కింద ఉన్నాను, ఆ పొద్దున. నీ మాట విన్నాను. "దానికి బండెక్కడమంటే సరదా." నీ మంచం కింద కప్పు కూడా చూశాను. అమ్మ కంటపడకముందే తీసి కడిగి బోర్లించింది నేనే. ఎందుకు కడిగానో ఇవాళ్టికీ తెలీదు.

కాబట్టి నువ్వు నాకు కొత్తగా చెప్పిందేమీ లేదు. ఎప్పుడైనా చెబుతావేమోనని చూశాను, అంతే. నాన్న పోయినప్పుడు చూశాను. అమ్మని పూడ్చిన రోజు గోతి పక్కన నీ చెయ్యి పట్టుకుని మరీ చూశాను. నువ్వు ఆ రోజు ఏమన్నావో గుర్తుందా? "నీకేం, హాయిగా ఊళ్ళు తిరిగావు," అన్నావు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు నీకు ఉత్తరం రాయబుద్ధి కాలేదు.

ఆ కార్డులు నీకు బెంగ కలగకూడదని రాసినవి కావు. నిన్ను ఏడిపించాలని రాసినవి. నువ్వు తప్పించుకున్న ప్రయాణం ఎంత గొప్పదో చూసి నువ్వు కుళ్ళి కుళ్ళి చావాలని, బంగాళాదుంపలు చెక్కుతూ, గుడారంలో ఆయన వాంతి కడుగుతూ, ఒక్కో మాటా ఆలోచించి రాశాను. జలపాతం అన్న మాట కోసం ఒక పూటంతా ఆలోచించాను. నువ్వు కుళ్ళావు కూడా. కాని అవి చదివి తేలికపడ్డావట! అన్నం తిన్నావట! నీ ఉత్తరంలో నాకు ఒళ్ళు మండింది ఆ ఒక్క చోటే. నీ మీద నేను పెట్టుకున్న కసి అంతా నీకు మందైంది.

ఎల్లిసన్ సరస్సు నుంచి కార్డు ఎందుకు లేదని మొదటి ఉత్తరంలోనే అడిగావు. స్టాంపులున్నాయి.

తిరిగొచ్చేముందు నాన్నని మామూలు మనిషిని చేసి తేవాలని అమ్మ ఆజ్ఞ. చుట్టుపక్కల నలభై మైళ్ళలో సారా దొరకని చోటు ఆ సరస్సే. మొదటి రెండు రోజులు వణికేవాడు. మూడో రోజు గడ్డం గీసుకునేవాడు. నాలుగో రోజు నాకు జడలు వేసేవాడు, వంకరగా. చేపలు పట్టి, ముళ్ళు తీసి, నా పళ్ళెంలో పెట్టేవాడు. "నువ్వు నా డ్రైవరువే," అని నవ్వేవాడు. ఒకసారి మోకాళ్ళ మీద కూర్చుని క్షమించమన్నాడు, నేను పన్నెండేళ్ళదాన్ని, ఏమనాలో తెలీక ఇంకో చేప పెట్టమన్నాను. ఏడాదికి ఐదు రోజులు. ఐదేళ్ళకి ఇరవై ఐదు. నాకున్న నాన్న అంతే.

ఆ దారి మొత్తంలో నిజంగా అందమైన చోటు అదొక్కటే. అందుకే రాయలేదు. రాస్తే అది కూడా నీదైపోతుంది. మిగిలినవన్నీ అబద్ధాలు కాబట్టి నీకిచ్చాను. అదొక్కటి నాకుంచుకున్నాను.

ఇప్పుడు నువ్వు అక్కడ కుర్చీలు వేసుకుని కూర్చున్నావు. అద్దంలా ఉన్నాయని నాకే రాస్తున్నావు. నాకు తెలీదా, నీళ్ళు ఎలా ఉంటాయో?

నేను రాను. ఈసారి మోకాలి వంక పెట్టను. నిన్ను తిట్టాలని కూడా లేదు, ఆ వయసు దాటిపోయింది. నువ్వు ఉన్న ఆ సరస్సు చూడాలని లేదు, అంతే. బస్సు దగ్గర నిలబడకు. రోవన్‌లో ఎండ ఎక్కువ.

మూడో చోటు పక్కన చేతిపంపు ఉంటుంది. మొదట వచ్చే నీళ్ళు ఎర్రగా తుప్పుతో వస్తాయి, తాగితే కడుపు చెడుతుంది. నలభైసార్లు కొట్టు. ఆ తర్వాత వచ్చేవి తాగు.

సిగ్రిడ్